హాల్ టికెట్ మీద పసుపు మరక: ఒక పల్లె బడిలో పండుగల తీరు మారిన వైనం

నెల్లూరు జిల్లాలో, పెన్నా ఆయకట్టు కింద ఉన్న ఒక పల్లెలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉండగా, 2024 మార్చి నుంచి 2025 సెప్టెంబరు వరకు జరిగిన సంగతులను ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఊరి పేరు, పిల్లల పేర్లు, తోటి ఉపాధ్యాయుల పేర్లు ఉద్దేశపూర్వకంగానే ఇవ్వడం లేదు. ఇందులో తప్పు చేసినవారిలో మొదటివాడిని నేనే కాబట్టి, దాన్ని దాచకుండా రాస్తేనే ఇది మరో బడికి ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

మా ఊళ్లో రామాలయం ఉంది, మసీదు ఉంది, ఎస్సీ కాలనీలో చర్చి ఉంది. ఈ మూడు చోట్లకూ వెళ్లే ఇళ్ల పిల్లలు మా బడిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. బడిలో ఏటా సంక్రాంతి ముగ్గుల పోటీ, డిసెంబరులో సెమీ క్రిస్మస్, పదో తరగతి పరీక్షలకు ముందు సరస్వతీ పూజ జరిగేవి. రంజాన్‌కు మాత్రం మేము చేసేదల్లా సెలవు ప్రకటించడమే. ఈ తేడా ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

2024 మార్చి 15, శుక్రవారం

ఆ ఏడాది పదో తరగతి పరీక్షలు మార్చి 18న మొదలయ్యాయి. శుక్రవారం మంచిరోజని హాల్ టికెట్లు 15న ఇవ్వాలనుకున్నాం. అదే రోజు రంజాన్ మాసంలో మొదటి జుమ్మా అనీ, చర్చికి వెళ్లే కుటుంబాలకు అవి ఈస్టరుకు ముందు ఉపవాస ప్రార్థనలతో గడిపే శ్రమకాలపు దినాలనీ తర్వాత క్యాలెండరు ముందేసుకుని చూసుకుంటే గాని నాకు తెలియలేదు.

ఆనవాయితీ ప్రకారం, నేను ఉదయమే సంతకం చేసి ముద్ర వేసిన హాల్ టికెట్లన్నిటినీ ఒక పెద్ద ఇత్తడి పళ్లెంలో పేర్చి సరస్వతీదేవి పటం ముందు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు చల్లి, హారతి ఇచ్చాక ఒక్కొక్కరినీ పిలిచి, ఆడపిల్లలకు నుదుట బొట్టు పెట్టి, హాల్ టికెట్‌తో పాటు ఊరి పెద్దరైతు ఒకాయన ఏటా ఇచ్చే పెన్నూ, పరీక్ష అట్టా చేతికిచ్చారు. చర్చికి వెళ్లే ఇంటి అమ్మాయి ఒకతె తన వంతు వచ్చినప్పుడు తల కొంచెం పక్కకు తిప్పింది. బొట్టు పెడుతున్న ఉపాధ్యాయిని దాన్ని బిడియం అనుకుని, గడ్డం పట్టుకుని పెట్టింది. ఆ అమ్మాయి తన చోటికి వెళ్లి నుదురు తుడుచుకుంది, తర్వాత హాల్ టికెట్ మీద పడిన పసుపును చున్నీ కొంగుతో తుడవబోయింది. పసుపు తడిగా ఉండడంతో నా సంతకంలోని సిరా కూడా పాకి, ఆమె ఫొటో అంచున ఆకుపచ్చగా, నీలంగా ఒక మరక తేలింది.

పక్కనున్న పిల్లలు గొల్లుమన్నారు. నేను అందరి ముందూ, "దేవుడి దగ్గర పెట్టినదాన్ని అట్లా తుడుస్తారా అమ్మా?" అన్నాను. ఆ మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోలేకపోతున్నాను. ఆ అమ్మాయి ఏడుస్తున్నది మతం గురించి కాదు, మరక పడిన కాగితంతో పరీక్ష హాల్లోకి రానివ్వరేమోనన్న భయంతో. ఆ సంగతి గ్రహించడానికి నాకు గంట పట్టింది. పాఠశాల లాగిన్‌లోంచి మరో ప్రతి తీసి, సంతకం పెట్టి ఇవ్వడానికి మాత్రం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

సాయంత్రానికి ఊళ్లో కథ మారిపోయింది. ఆ పిల్ల సరస్వతమ్మ ప్రసాదాన్ని పారేసిందని రామాలయం అరుగు మీద, హెడ్‌మాష్టారు బలవంతంగా బొట్టు పెట్టించాడని కాలనీలో చెప్పుకున్నారు. రెండోది పూర్తిగా అబద్ధమని నేను అనలేను.

మర్నాడు ఆమె తల్లి పొలం పని మానుకుని బడికి వచ్చింది. గొడవ పెట్టుకోవడానికి వచ్చిందనుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చోకుండానే, "మా బిడ్డ మీ దేవతను ఏమీ అనలేదు సార్. కాయితం పాడైపోతాదని తుడిచింది. బొట్టు వద్దని అందరి ముందర చెప్పే ధైర్యం దానికేడిది? ముందురోజు ఒక మాట అడిగుంటే మేమే చెప్పుంటిమి గదా" అంది. నేను ఆమెకు క్షమాపణ చెప్పాను. సోమవారం తెలుగు పరీక్షకు ముందు ఆ అమ్మాయికీ చెప్పాను. అందరి ముందూ అన్న మాటకు ఒంటరిగా చెప్పిన క్షమాపణ సరిపోదని తెలుసు గానీ, పరీక్ష గుమ్మంలో ఆ పిల్లను మళ్లీ పదిమంది కళ్లలో పడేయడం నాకు న్యాయంగా తోచలేదు.

స్టాఫ్ రూమ్‌లో వచ్చిన మూడు వాదనలు

పరీక్షలు ముగిశాక ఏప్రిల్‌లో స్టాఫ్ మీటింగు పెట్టాను. అక్కడ వినిపించిన మూడు వాదనలు ఏ బడిలోనైనా వినిపించేవే కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

మొదటిది అడ్మిషన్ రిజిస్టరు వాదన. "రిజిస్టరులో ఆ అమ్మాయి హిందువే కదా, మనం తప్పేం చేశాం?" అని ఒక సీనియర్ ఉపాధ్యాయుడు అడిగారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే వర్తిస్తుంది. కాగితం మీద ఒక మాట, ఆదివారం నాడు మరో చోటు అన్న స్థితి మా జిల్లాలో ఎన్నో కుటుంబాలకు ఉంది. దాని మంచిచెడ్డలు తేల్చవలసిన చోటు బడి కాదు. రిజిస్టరులోని గడి నింపేది ప్రభుత్వ లెక్క కోసమని, పిల్ల నుదుట ఏం పెట్టవచ్చో చెప్పడానికి కాదని చెప్పి ఆ చర్చను అక్కడే ఆపాను. అదే ఊపులో మరొకరు, ఈ చర్చిలన్నీ నిన్నమొన్న వచ్చినవన్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరుకు వచ్చింది 1840లో. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే మా పిల్లల్లో కొందరి ఇళ్లలో ఆ విశ్వాసం ముత్తాతల నాటిది. మా సోషల్ టీచరు ఈ సంగతులు చెబుతుంటే స్టాఫ్ రూమ్ నిశ్శబ్దమైపోయింది. పక్క జిల్లాలో జరిగిన ఇంత పెద్ద సంఘటనను మేము పాఠంగా ఎప్పుడూ చెప్పుకోలేదు.

రెండో వాదన, గొడవెందుకు, అన్నీ మానేద్దామని. వినడానికి సమంజసంగా ఉంటుంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న సంస్థల్లోనూ, మైనరు పిల్లల విషయంలో సంరక్షకుల సమ్మతి లేకుండా ప్రార్థనల్లో పాల్గొనమని కోరకూడదు. దీన్ని చదివి వినిపించాక పూజను బడి కార్యక్రమంగా కొనసాగించలేమని అందరూ ఒప్పుకున్నారు. అయితే పండుగ మాటే బడిలో వినపడకూడదని ఆ అధికరణం ఎక్కడా చెప్పలేదు. పక్కింటి పండుగ గురించి ఏమీ తెలియకుండా పదో తరగతి దాటే పిల్లలు చెప్పుడు మాటలకు ఎంత సులువుగా లోనవుతారో ఆ శుక్రవారం సాయంత్రమే చూశాను.

మూడో వాదన అన్నిటికంటే తియ్యగా ఉంటుంది: "సంక్రాంతి పంటల పండుగ, క్రిస్మస్ పిల్లల పండుగ, రంజాన్ సేమ్యాల పండుగ అనుకుందాం, దేవుళ్ల ఊసు తీసేద్దాం." నేను దీనికే మొగ్గు చూపాను. కాని ఆలోచించిన కొద్దీ ఇది నిలవదని తేలింది. మా పెన్నా ఆయకట్టులో ప్రధానమైన వరి ఈశాన్య రుతుపవనాల వానల మీద నాటుకునేది, దాని కోతలు ఎక్కువగా సంక్రాంతి దాటాకే వస్తాయి. సంక్రాంతి నాటికి మా పొలాలు పచ్చగానే ఉంటాయి. ఆ రోజు మా పిల్లల ఇళ్లలో జరిగేది పెద్దలకు పెట్టుకోవడం, గొబ్బెమ్మలను కొలవడం, హరిదాసుకు బియ్యం పోయడం. పంటల పండుగ అని పేరు పెట్టి ఆ భక్తిని తీసేస్తే, ఆ పండుగ చేసుకునే ఇంటికే అది పరాయిదవుతుంది. క్రీస్తు పుట్టుక ప్రస్తావన లేని క్రిస్మస్, ఉపవాసం గురించి మాట్లాడని రంజాన్ కూడా అంతే. వేరు నరికి కొమ్మను అందరికీ పంచితే ఎవరి కొమ్మా నాలుగు రోజులకు మించి పచ్చగా ఉండదు.

స్వర్ణాల చెరువు దగ్గర

2024 జులై 17న మొహర్రం. ఆ రోజు నుంచి అయిదు రోజులు నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, ఆ ఏడాది ఒక ప్రశ్నతో వెళ్లాను.

స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో కొంగు తలమీద కప్పుకుని నిలబడ్డ ఒకావిడ, "చదువు రొట్టె, చదువు రొట్టె" అని పిలుస్తోంది. నుదుట కుంకుమ ఉన్న మరో ఆవిడ కొడుకును వెంటబెట్టుకుని వెళ్లి అడిగింది. ఇచ్చే ఆవిడ వెంటనే ఇవ్వలేదు. ఎవరి కోసం, ఏ చదువు, పిల్లవాడు ఏం చదువుతున్నాడు అని అడిగి, తన కూతురికి సీటు వచ్చిన సంగతి చెప్పి, అప్పుడు రొట్టె తుంచి చేతిలో పెట్టింది. కోరిక తీరితే మళ్లీ ఏడాది ఇదే చోటుకు రొట్టెతో రావాలని చెప్పింది. ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, పెళ్లి రొట్టె, అన్నిటికీ ఇదే పద్ధతి. తీసుకున్నవారు మరుసటి ఏడు ఇచ్చేవారవుతారు.

నాకు అక్కడ దొరికింది ఇది: లక్షలమంది వచ్చే ఆ చోట అది ఎవరి దర్గా అన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. గంధోత్సవం చేసేవారు చేస్తారు, మిగిలినవారు చుట్టాలుగా వస్తారు. రొట్టె కావాలని అడిగినవాడికే ఇస్తారు. దారిన పోయేవాడి నోట్లో ఎవరూ కుక్కరు. మన తెలుగిళ్లలో పేరంటానికి బొట్టు పెట్టి పిలుస్తాం, వచ్చేవారు వస్తారు, రానివారిని ఏమీ అనం. మా బడిలో మేము చేసినది, పిలవకుండానే బొట్టు పెట్టేయడం. పండుగకు ఇంటివారు ఉండాలి, చుట్టాలు ఉండాలి, చుట్టాన్ని ముందు పిలవాలి. అందరూ ఇంటివారేనని మనకు మనమే తీర్మానించుకున్నప్పుడే పేచీ వస్తుంది.

అయితే రొట్టెల పండుగను చూపించి అంతా సవ్యంగా ఉందనుకోవడం కూడా తొందరపాటే. తిరిగి వచ్చి మా బడి ముస్లిం తండ్రి ఒకాయనతో ఉత్సాహంగా ఈ సంగతి చెబితే, ఆయన మర్యాదగానే, "మేము దర్గాకు పోము సార్, అడగడం అల్లా దగ్గరే అడగాల, సమాధి దగ్గర కాదు" అన్నారు. ఆ మాటతో ఇంకో పని మొదలైంది.

అడగడం

ఆగస్టు నుంచి డిసెంబరు వరకు, తరగతి ఉపాధ్యాయులు తమ పిల్లల ఇళ్లతో మాట్లాడి, మతం ఏమిటని కాకుండా, "బడి వేడుకల్లో మీ పిల్లలు ఏం చేస్తే మీకు సంతోషం, ఏం చేయకపోతే మంచిది?" అని మాత్రమే అడిగారు. జవాబులు మా ఊహలను చాలావరకు తలకిందులు చేశాయి. చర్చికి వెళ్లే ఇళ్లలోనే క్రిస్మస్ జరపని సంఘానికి చెందిన కుటుంబం ఒకటుంది. వాళ్ల అబ్బాయికి మేము అంతకుముందు ఏడాది శాంతాక్లాజ్ వేషం వేయించాం! బొట్టు వద్దనే ఇంట్లో ముగ్గంటే ప్రాణం. కొబ్బరికాయ ప్రసాదం తినని పిల్లలు పొంగలి తింటారు, ఎందుకంటే మా వంట ఆయమ్మ దాన్ని దేవుడికి చూపించకుండా నేరుగా వడ్డిస్తుంది. ఒక నాయనమ్మ వేలిముద్ర వేసి చెప్పిన మాటను క్లాస్ టీచరు అలాగే రాసుకొచ్చింది: "మా పిల్ల ముగ్గేస్తాది, గొబ్బెమ్మ పెట్టదు, పొంగలి పెడితే తింటాది." మతం పేరున్న గడిలో ఇంత వివరం ఎప్పటికీ పట్టదు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరమైంది. వద్దన్న పిల్లను గది బయట కూర్చోబెడితే అది శిక్షలాగే ఉంటుంది. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, కేరళలోని ఒక బడిలో జాతీయ గీతం పాడకుండా గౌరవంగా లేచి నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేయడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. పాల్గొనకుండానే గౌరవంగా అక్కడ ఉండవచ్చునన్న ఆ సూక్ష్మం మాకు పనికొచ్చింది. మా వేడుకల్లో ప్రతి పిల్లకూ చేయడానికి ఒక పని ఉండేలా, ఆ పని ఆరాధన కాకుండా చూసుకున్నాం.

2024 డిసెంబరులో సెమీ క్రిస్మస్ పేరు తీసేశాం. వేదిక మీద ప్రార్థన పెట్టలేదు. అది చేసుకునే ఇళ్ల పిల్లలు ముగ్గురు, తమ ఇంట్లో ఆ పండుగ ఎలా జరుగుతుందో, ఇంటికి నక్షత్రం ఎందుకు కడతారో, అర్ధరాత్రి పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ ఎందుకు తిరుగుతారో చెప్పారు. "యేసు మా రక్షకుడని మేము నమ్ముతాం" అని ఒక పిల్లవాడు అన్నాడు. "మేము నమ్ముతాం" అన్న ఆ వాక్యం బోధ కాదు, పరిచయం. తేడా ఆ ఒక్క మాటలో ఉంది. ఈ తేడాను పిల్లల కంటే పెద్దలకే ఎక్కువసార్లు చెప్పవలసి వచ్చింది.

జనవరిలో సంక్రాంతి ముగ్గులకు అందరూ వచ్చారు. గొబ్బెమ్మలు పెట్టే పిల్లలు ఒక వరుసలో పెట్టి పాడుకున్నారు, మిగిలినవాళ్లు చుట్టూ నిలబడి చూశారు. ముగ్గు గిన్నెలో రంగు కలుపుతున్న ఒక ముస్లిం అమ్మాయి, పేడముద్దకు గుమ్మడిపువ్వు ఎందుకు గుచ్చుతారని అడిగితే, పక్కమ్మాయి దగ్గర జవాబు లేదు. మర్నాడు వాళ్లమ్మను అడిగి వచ్చి చెప్పింది. చుట్టం అడిగితేనే ఇంటివారు తమ పండుగను మళ్లీ తెలుసుకుంటారని నాకు అప్పుడు అర్థమైంది.

రంజాన్ విషయంలో మేము చేసిన పని వేడుక కాదు, టైంటేబుల్. 2025 మార్చి 2న ఉపవాసాలు మొదలయ్యాయి. సాయంత్రం ఆరు దాటే వరకు ఉండే పదో తరగతి స్టడీ అవర్‌ను ఇఫ్తార్ వేళకు అడ్డు రాకుండా ఉదయానికి మార్చాం. ఎండలో వ్యాయామం పీరియడ్ ఉపవాసం ఉన్నవాళ్లకు తప్పించాం. ఆ ఏడు ఉగాది మార్చి 30, రంజాన్ 31. సాంఘిక శాస్త్రం పరీక్ష ఏప్రిల్ 1న. రెండు పండుగల ఇళ్ల పిల్లలూ ఆ రెండు రోజులూ పుస్తకం పట్టుకునే ఉన్నారు.

హాల్ టికెట్లను ఈసారి ఆఫీసులో, ఒక్కొక్కరికీ చేతికిచ్చి, సంతకం తీసుకున్నాం. పూజ కావాలనుకున్న తల్లిదండ్రులు ఆదివారం నాడు రామాలయంలో తామే చేసుకున్నారు. చర్చిలో ప్రార్థన పెట్టుకున్నారు. నేను రెండు చోట్లకూ పిలిస్తే వెళ్లాను, రెండు చోట్లా వెనక నిలబడ్డాను.

తేలనివి

పెన్నులు, అట్టలు ఇచ్చే పెద్దరైతు నొచ్చుకున్నారు. ముప్పై ఏళ్లుగా చదువుల తల్లి పేరు మీద ఇస్తున్నవాటిని ఆఫీసు గదిలో పంచితే వాటికి అర్థం లేదన్నారు. ఆయన భక్తిని నేను తక్కువ చేయలేను. ఆ పెన్నులు తన చేత్తో ఇచ్చిన రోజున ఆయన కళ్లలో నీళ్లు తిరగడం చూసినవాణ్ణి. 2025లో ఆయన వాటిని రామాలయంలోనే, వచ్చినవాళ్లకే ఇచ్చారు. రాని పిల్లలకు మేము ఉపాధ్యాయులం తలా కొంత వేసుకుని కొన్నాం. ఒకే తరగతిలో రెండు రకాల పెన్నులు వచ్చాయి, పిల్లలు అది గమనించారు కూడా. ఈ ఒక్క విషయంలో నేను కోరుకున్నది జరగలేదు. ఆయన దగ్గరకు ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను.

ఒక ఉపాధ్యాయిని ఇప్పటికీ నాతో ఏకీభవించరు. పిల్లలకు చదువుల తల్లి ఆశీస్సు ఇవ్వడం ఏ మతానికీ వ్యతిరేకం కాదని ఆమె నిజాయతీగా నమ్ముతారు. అయినా ఏ పిల్ల నుదుటనూ అడగకుండా చెయ్యి పెట్టనని మాట ఇచ్చారు, మాట మీద నిలబడ్డారు.

2025 సెప్టెంబరు 5న మిలాద్ ఉన్ నబీ సెలవు రావడంతో ఉపాధ్యాయ దినోత్సవాన్ని ఒకరోజు ముందు జరుపుకున్నాం. అది సులువుగానే గడిచింది. సులువు కానిది ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి. పందిరి మా బడి గేటు పక్కనే వేస్తారు. చందా పుస్తకం పట్టుకుని వచ్చేవాళ్లు మా పూర్వ విద్యార్థులే. వాళ్లు తొమ్మిదో తరగతి పిల్లలను గేటు దగ్గర ఆపి తలా పది రూపాయలు అడిగారు. ఇవ్వనన్న పిల్లలను ఏమీ అనలేదు గానీ, ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదివారు. పేరు వినపడని పిల్లలు ఎవరెవరో తరగతిలో అందరికీ తెలిసిపోయింది. వచ్చే చవితికి ముందే ఆ కుర్రాళ్లను స్టాఫ్ రూమ్‌కు పిలిచి, ఆ పేర్ల జాబితా సంగతి మాట్లాడాలి. వాళ్లలో ఒకడు, ఆ శుక్రవారం గొల్లుమన్న పిల్లల్లో ఉన్నవాడే.